11.75 అడుగులంటే ఏమిటో రాసేదెవరు?

కలిసి రాసే ఆన్‌లైన్ టూల్స్ వచ్చాక టెక్నికల్ రైటర్ ఉద్యోగం రూపే మారిపోయింది. కోడింగ్ రాకపోతే ఇక దారి లేదనుకునే ఇంజినీరింగ్ విద్యార్థులు ఒక్కసారి ధవళేశ్వరం వైపు చూస్తే ఆ మార్పేమిటో బాగా అర్థమవుతుంది.

జులై, ఆగస్టు నెలలు వచ్చాయంటే టీవీ తెర అడుగున పరుగెత్తే వాక్యం ఇది: ‘ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులు. మొదటి ప్రమాద హెచ్చరిక జారీ’. 13.75 అడుగులకు చేరితే రెండో హెచ్చరిక, 17.75కు చేరితే మూడోది. గోదావరి జిల్లాల్లో పెరిగినవాళ్లకు ఈ మూడు అంకెలూ ఎక్కాల్లా నోటికొచ్చు.

నోటికొచ్చు సరే, అర్థమెంతమందికి తెలుసు? లంకలో ఉన్న రైతుకు కావాల్సింది అడుగుల లెక్క కాదు. ‘ఆయ్, కాజ్‌వే మీద బండెళ్తాదాండి?’ అన్నదే ఆయన ప్రశ్న. గేదెల్ని ఈ రాత్రికే గట్టెక్కించాలా, తెల్లారాక చూసుకోవచ్చా? మందులు, పాలపొడి ఎన్ని రోజులకు తెచ్చుకోవాలి? వీటిలో ఒక్కదానికీ ఆ స్క్రోలింగ్‌లో జవాబు ఉండదు. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లయితే వీధిలోకి పదకొండు అడుగుల నీళ్లు వస్తాయేమోనని హడలిపోతారు కూడా. నిజానికి అది బ్యారేజీ దగ్గర పెట్టిన కొలబద్ద మీద అంకె. భద్రాచలంలో మొదటి హెచ్చరిక 43 అడుగులకు ఇస్తారు, ఇక్కడేమో 11.75కే. అంటే ఇక్కడ నది లోతు తక్కువనా? కాదు. రెండుచోట్లా కొలబద్ద సున్నా ఒకే మట్టం దగ్గర లేదు, అంతే. ఈ ఒక్క ముక్క ఎవరైనా చెబితే సగం అయోమయం పోతుంది.

ఇంజినీరుకు తెలిసిన అంకెకూ, జనం తీసుకోవాల్సిన నిర్ణయానికీ మధ్య ఉండే ఖాళీని మాటలతో పూడ్చే పనిని టెక్నికల్ రైటింగ్ అంటారు. కాలేజీలో ఈ మాట వినగానే మిక్సీ డబ్బాలో వచ్చే మాన్యువల్ గుర్తొస్తుంది. ఆ మాన్యువల్ మనమెవరం చదవం కాబట్టి, ఆ ఉద్యోగమూ అలాంటిదేనని తేల్చేస్తాం. పదిహేను, ఇరవై ఏళ్ల కిందట అయితే ఆ తీర్పు కొంతవరకూ నిజమే. ఇప్పుడు కాదు.

44 ఏళ్ల తర్వాత వచ్చిన పుస్తకం

పాత పద్ధతి ఎలా ఉండేదో చూడటానికి ధవళేశ్వరం కంటే మంచి ఉదాహరణ దొరకదు. ఆర్థర్ కాటన్ ఇక్కడ ఆనకట్ట పని 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేశారు. ఆ ఆనకట్టనూ, కాలువలనూ కలిపి ఏది ఎలా కట్టారో, ఎందుకలా కట్టారో వివరించే పుస్తకాన్ని మద్రాసు చీఫ్ ఇంజినీరుగా చేసిన జార్జ్ టి. వాల్ష్ రాశారు. గోదావరి డెల్టా ఇంజినీరింగ్ పనుల చరిత్ర అది. అచ్చయింది 1896లో. అంటే కట్టడం పూర్తయిన 44 ఏళ్లకు!

ఇందులో తప్పుపట్టాల్సిందేమీ లేదు. రాయి, సున్నంతో కట్టినది పదిహేను రోజులకోసారి మారదు కదా. పుస్తకం కాస్త ఆలస్యమైనా పనికొస్తుంది. పైగా దాన్ని చదివేది మరో ఇంజినీరే. కాలువ కింద మడి ఉన్న రైతు చదువుతాడని ఎవరూ అనుకోలేదు, రైతు అడిగే ప్రశ్న ఆ పుస్తకంలోకి తిరిగి వెళ్లే దారీ లేదు. రాసేవాళ్లు ఒక ఒడ్డున, వాడేవాళ్లు మరో ఒడ్డున ఉండిపోయారు.

అయితే ఆనకట్ట కూడా శాశ్వతంగా అలాగే ఉండిపోలేదు. 1970ల్లో కొత్త బ్యారేజీ పని మొదలై 1980ల మొదట్లో ముగిసింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాల్లో కలిపి 175 గేట్లు పెట్టారు. ఒక్క ధవళేశ్వరం వైపే 70. పాత ఆనకట్ట గురించిన పేజీలు ఆ రోజు నుంచి చరిత్ర అయిపోయాయి. పుస్తకం తనంతట తాను మారలేదు. ఎవరో ఒకరు కూర్చుని మరో పుస్తకం రాయాలి.

ఇప్పుడు ఆ ఆనకట్ట స్థానంలో మీ ఫోన్‌లోని పేమెంట్ యాప్‌ని ఊహించుకోండి. నెలకు రెండుసార్లు అప్‌డేట్ వస్తుంది. మెనూలో బటన్ ఎడమ నుంచి కుడికి జరుగుతుంది. 44 ఏళ్లు కాదు, 44 గంటలు ఆలస్యమైనా హెల్ప్ పేజీ అబద్ధమైపోతుంది. టెక్నికల్ రైటింగ్ మారక తప్పలేదంటే అసలు కారణం ఇదే.

ఫైనల్, ఫైనల్ 2, రియల్ ఫైనల్

ఫైనలియర్ ప్రాజెక్టు రిపోర్టు రాసినవాళ్లకి ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు. నలుగురు ఒక టీమ్. ఒకరు వర్డ్ ఫైల్ పంపుతారు, ఇంకొకరు మార్చి ‘ఫైనల్’ అని పేరు పెడతారు. ఈలోగా మూడోవాళ్లు పాత ఫైల్లోనే చాప్టర్ చేర్చేసి ‘ఫైనల్ 2’ అంటారు. గైడ్ దగ్గరికి ‘రియల్ ఫైనల్’ వెళ్తుంది. అందులో రెండో చాప్టర్ ఉండదు. కంపెనీల్లో మాన్యువళ్లు కూడా చాలాకాలం ఇలాగే తయారయ్యాయి. రైటర్ ఒక్కరే రాసేవారు. ఇంజినీర్లకు మెయిల్ చేసేవారు. వాళ్లు ఖాళీ ఉన్నప్పుడు చూసేవారు, అంటే చూసేవారు కాదు.

దీనికి విరుగుడు చాలా ముందే మొదలైంది. వార్డ్ కన్నింగ్‌హామ్ అనే ప్రోగ్రామర్ 1995లో మొట్టమొదటి వికీని ఇంటర్నెట్‌లో పెట్టాడు. ఎవరైనా పేజీ తెరిచి అక్కడికక్కడే దిద్దొచ్చు. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు తమ అనుభవాలు పంచుకోవడానికి చేసుకున్న ఏర్పాటది. వికీపీడియా 2001లో వచ్చింది. కంపెనీల లోపల వాడుకునే కాన్‌ఫ్లుయెన్స్ 2004లో, ఒకే డాక్యుమెంట్‌లో నలుగురూ ఒకేసారి టైప్ చేసే గూగుల్ డాక్స్ 2006లో వచ్చాయి. కోడ్‌లో ఎవరు ఏం మార్చారో లెక్కపెట్టే గిట్‌ను 2005లో లినస్ టోర్వాల్డ్స్ తయారుచేస్తే, దాన్ని అందరికీ అందుబాటులోకి తెచ్చిన గిట్‌హబ్ 2008లో వచ్చింది.

తేదీల కంటే ఇవి చేసిన పని ముఖ్యం. మొదటిది, ఫైల్ తిరగడం మానేసింది. డాక్యుమెంట్ ఒకచోట ఉంటుంది, మనుషులే దాని దగ్గరికి వెళ్తారు. రెండోది, చరిత్ర మిగిలింది. ఏ రోజు ఎవరు ఏ అక్షరం మార్చారో, ఎందుకు మార్చారో చూడొచ్చు, నచ్చకపోతే వెనక్కి తిప్పొచ్చు. నా లెక్కలో పెద్ద మార్పు మాత్రం వేరే ఉంది. అభిప్రాయం చెప్పడానికి మీటింగ్ అక్కర్లేకుండా పోయింది. వాక్యం పక్కనే ప్రశ్న రాసేస్తే చాలు.

సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఇప్పుడు ఎక్కువగా వినిపించే పద్ధతి ‘డాక్స్ యాజ్ కోడ్’. కోడ్‌ని ఎలా చూసుకుంటారో హెల్ప్ పేజీల్నీ అలాగే చూసుకోవడం. పేజీలు మార్క్‌డౌన్ అనే సాదా టెక్స్ట్ రూపంలో, గిట్‌లో ఉంటాయి. రైటర్ ఒక మార్పు రాసి ‘పుల్ రిక్వెస్ట్’ పెడతారు. అంటే ‘ఇదిగో, ఈ మూడు లైన్లు ఇలా మార్చాలనుకుంటున్నాను, చూసి చెప్పండి’ అని అర్జీ పెట్టుకోవడమన్నమాట. తీసేసిన లైను ఎర్రగా, చేర్చింది పచ్చగా కనిపిస్తుంది. ఇంజినీరు వచ్చి ‘ఇక్కడ పాస్‌వర్డ్ కాదు, ఓటీపీ’ అంటారు. టెస్టర్ వచ్చి ‘పాత ఫోన్లలో ఈ బటన్ కనిపించదు’ అంటారు. కస్టమర్ కేర్ నుంచి ఇంకొకరు ‘ఈ స్టెప్ దగ్గరే రోజూ ఎక్కువ మంది ఫోన్ చేస్తున్నారు’ అని రాస్తారు. అన్నీ సరిచేశాక ఒకరు ఒప్పుకుంటే అప్పుడు పేజీ బయటికి వెళ్తుంది. విరిగిపోయిన లింకులు, తప్పు పదాలు పట్టుకునే పని కంప్యూటరే చేసేస్తుంది.

కంపెనీ బయటివాళ్లకూ తలుపు తెరుచుకుంది. మైక్రోసాఫ్ట్ 2016లో తన డాక్యుమెంటేషన్‌ని కొత్తగా తీర్చిదిద్దినప్పుడు పేజీలకు ‘ఎడిట్’ అనే దారి పెట్టింది. తప్పు కనిపిస్తే దాన్ని వాడే ప్రోగ్రామరే గిట్‌హబ్‌లో దిద్ది పంపొచ్చు. వాల్ష్ పుస్తకంలోకి రైతు ప్రశ్న వెళ్లే దారి లేదన్నాం కదా, ఆ దారి ఇప్పుడు పేజీ మీదే ఉంది.

మరి రైటర్ చేసేదేమిటి? చాలామంది చెప్పింది విని, అందులో ఏది నిజమో కనుక్కుని, చదివేవాళ్లకు ఏ వరసలో కావాలో ఆ వరసలో పెట్టడం. మా తరం ఉద్యోగంలో చేరేనాటికే రైటర్ రోజులో రాసే గంటల కంటే అడిగే గంటలు ఎక్కువయ్యాయి. మొహమాటస్తులకు మొదట్లో కొంచెం కష్టంగానే ఉంటుంది.

ఫార్వర్డ్ వేరు, లింకు వేరు

మళ్లీ గోదావరి దగ్గరికి వద్దాం. 2022 జులైలో భద్రాచలంలో నీటిమట్టం 71 అడుగులు దాటింది. ధవళేశ్వరంలో మూడో హెచ్చరిక దాటేసి, 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సముద్రంలోకి వెళ్లింది. కోనసీమ లంకలు మునిగాయి. ఇంకో సంగతి కూడా గుర్తుచేసుకోవాలి. అంతకు మూడు నెలల ముందే, ఏప్రిల్ 4న, రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. ధవళేశ్వరం తూర్పు గోదావరిలో ఉండిపోయింది, కింద ఉన్న లంకలు చాలావరకు కోనసీమ జిల్లాలోకి వెళ్లాయి. జిల్లా పేరుతో అచ్చయిన ప్రతి కరపత్రం, ప్రతి ఫోన్ నంబర్ల జాబితా ఆ ఒక్క రోజుతో పాతదైపోయింది. సమాచారం ఎంత త్వరగా పాతబడుతుందో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

వరద రోజుల్లో మన ఫోన్లకు వచ్చేవి ఎక్కువగా వాట్సాప్ ఫార్వర్డులే. బులెటిన్‌ని ఎవరో ఫొటో తీస్తారు, అది వంద గ్రూపులు తిరుగుతుంది. పొద్దున ఆరింటి నీటిమట్టం రాత్రి పదింటికి కూడా ‘తాజా సమాచారం’ అనే తిరుగుతూ ఉంటుంది. ఫొటోకి తేదీ ఉండొచ్చు, ఉండకపోవచ్చు. దాన్ని వెనక్కి పిలిపించే మార్గం మాత్రం లేదు. అసలు రాసినవారే తప్పు దిద్దినా, తిరుగుతున్న కాపీలు మారవు. మెయిల్లో తిరిగిన ‘రియల్ ఫైనల్’ కథే ఇది. తేడా ఏమిటంటే ఇక్కడ పోయేది మార్కులు కాదు.

అదే సమాచారం ఒక పేజీలో ఉండి, జనం లింకు పంపుకున్నారనుకోండి. పేజీలో అంకె మారితే లింకు ఉన్న ప్రతి ఫోన్లోనూ మారుతుంది. పైన ‘చివరిసారి మార్చిన సమయం’ ఉంటుంది. కాపీ పంపాలా, ఒకేచోటికి దారి చూపాలా అన్న ఈ తేడా చిన్నగా కనిపిస్తుంది కానీ, ఆన్‌లైన్ టూల్స్ తెచ్చిన మార్పంతా అందులోనే ఉంది. అలాగని లింకే సర్వరోగ నివారిణి అనను. వరదలో కరెంటు పోతుంది, టవర్ పోతుంది. అప్పుడు మైకు పట్టుకుని తిరిగే ఆటోయే దిక్కు. ఆ మైకులో చదివే నాలుగు వాక్యాలు కూడా ఎవరో ఒకరు రాయాల్సినవే.

2023లో ఒకరోజు ఫోన్ ఒక్కసారిగా పెద్దగా మోగి, తెర మీద పరీక్షా సందేశం కనిపించడం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. సెల్ బ్రాడ్‌కాస్ట్ అనే పద్ధతిని పరీక్షించడానికి పంపినవి అవి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ కోసం సీ-డాట్ తయారుచేసిన ‘సచేత్’ వేదిక వెనుక ‘కామన్ అలర్టింగ్ ప్రోటోకాల్’ అనే అంతర్జాతీయ నమూనా ఉంది. టెక్నికల్ రైటింగ్ నేర్చుకునేవాళ్లు దాన్ని ఒక్కసారి తెరిచి చూడాలి. హెచ్చరికను అందులో గళ్లుగా విడగొడతారు. ప్రమాదం ఎంత తొందరగా వస్తుంది, ఎంత తీవ్రమైనది, ఎంతవరకు ఖాయం అన్నవి మూడు వేర్వేరు గళ్లు. ఏం జరుగుతోందన్న వివరణకు ఒక గడి, మీరేం చేయాలన్న సూచనకు విడిగా ఇంకో గడి. ఒకే హెచ్చరికలో వేర్వేరు భాషల పాఠాలు పెట్టుకునే వీలుంది. ‘ధవళేశ్వరం వద్ద 11.75 అడుగులు’ అన్నది వివరణ గడిలోకి వెళ్తుంది. సూచన గడి ఖాళీగా కనిపిస్తూ ‘ఇప్పుడేం చేయాలో రాయి’ అని అడుగుతూ ఉంటుంది. మంచి టూల్ చేసే పనుల్లో ఇదొకటి, మనం మరిచిపోయిన ప్రశ్నని గుర్తుచేస్తుంది.

ప్రభుత్వ సేవలూ ఇటే వస్తున్నాయి. 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్‌లో 161 సేవలు మొదలుపెట్టింది. ఆ చాట్‌లో కనిపించే ప్రతి మెనూ పేరు, ‘మీ దరఖాస్తు అందింది’ అనే ప్రతి వాక్యం ఎవరో ఒకరు ఆలోచించి రాయాల్సిందే. అక్కడ మాన్యువల్ అంటూ ఉండదు. చాటే మాన్యువల్.

పేర్ల దగ్గర ఇంకో చిక్కుంది. ఇంగ్లిష్‌లో మన ఊరిని ‘డౌలేశ్వరం’ అని పలికేలా ఒకరు, ‘డౌలైశ్వరం’ అనేలా ఇంకొకరు, ‘ధవళేశ్వరం’ అని అచ్చంగా ఇంకొకరు రాస్తారు. తెలుగులోనూ ‘దవులేశ్వరం’ అనేవాళ్లున్నారు. ఒక స్పెల్లింగుతో వెతికినవాళ్లకు ఇంకో స్పెల్లింగుతో ఉన్న పేజీ దొరకకపోతే, ఆ పేజీ ఎంత బాగా రాసినా లేనట్టే. జనం సెర్చ్ బాక్సులో ఏం టైప్ చేస్తున్నారో చూసి, ఆ మాటలన్నీ ఒకే పేజీకి చేర్చడం ఇప్పటి రైటర్ రోజువారీ పని. ‘ఈ పేజీ మీకు ఉపయోగపడిందా?’ అని అడుగున కనిపించే ప్రశ్నకు మీరు నొక్కే ‘లేదు’ కూడా ఊరికే పోదు. ఎక్కువ ‘లేదు’లు వచ్చిన పేజీ సోమవారం పొద్దున రైటర్ బల్ల మీద మొదట ఉంటుంది.

ఉమ్మడి గొడ్డు సామెత ఊరికే రాలేదు

నలుగురూ రాస్తే అన్నీ బాగుపడతాయనుకుంటే పొరపాటే. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని మన పెద్దలు ఊరికే అనలేదు. ప్రోగ్రామర్లందరికీ తెలిసిన స్టాక్ ఓవర్‌ఫ్లో 2016లో ‘డాక్యుమెంటేషన్’ అనే విభాగం తెరిచింది. ప్రశ్నలు, జవాబులు అంత బాగా రాసే జనం ఉన్నారు కదా, అందరూ కలిసి మాన్యువళ్లు కూడా రాసేస్తారనుకుంది. ఏడాది తిరిగేసరికి, 2017లో, దాన్ని మూసేసింది. జనానికి లోటు లేదు, టూల్‌కీ లోటు లేదు. ప్రశ్నకు జవాబు చెప్పడానికి అడిగిన మనిషి ఒకరు ఎదురుగా ఉంటారు. మాన్యువల్ పేజీకి అలా ఎదురుగా ఎవరూ ఉండరు. ఏ పేజీ ఎవరి కోసమో, ఎక్కడ ఆపాలో చెప్పే బాధ్యత ఒకరి మీద లేకపోతే అది ముక్కలుగానే మిగిలిపోతుంది. దాని వైఫల్యం నుంచి నాకు అర్థమైంది ఇది.

కంపెనీల లోపల కాన్‌ఫ్లుయెన్స్ పేజీల పరిస్థితీ చాలాచోట్ల ఇంతే. ఉద్యోగం మానేసిన మనిషి పేరుతో, మూడేళ్ల కిందటి స్క్రీన్‌షాట్లతో, అడుగున నలభై కామెంట్లతో వందల పేజీలు పడి ఉంటాయి. కొత్తగా చేరినవాళ్లు వాటినే నమ్మి ఒక రోజంతా పోగొట్టుకుంటారు. అందుకే మంచి టీముల్లో ప్రతి పేజీకి ఒక యజమాని పేరు, మళ్లీ ఎప్పుడు చూడాలో ఒక తేదీ రాసిపెట్టుకుంటారు. పాత పేజీని ధైర్యంగా తీసేయడం కూడా రాయడమంత పనే. ఇంటర్వ్యూలో ఈ మాట మీరే ముందు ఎత్తితే ఎదుటివాళ్లు తలెత్తి చూస్తారు.

ఉద్యోగాల సంగతి

హైదరాబాద్‌లో డెవలప్‌మెంట్ సెంటర్లున్న మైక్రోసాఫ్ట్, ఒరాకిల్, సేల్స్‌ఫోర్స్, సర్వీస్‌నౌ లాంటి కంపెనీలకు సాఫ్ట్‌వేర్‌తో పాటు దాన్ని వివరించేవాళ్లూ కావాలి. అయితే పోస్టు పేరు ప్రతిచోటా ‘టెక్నికల్ రైటర్’ అనే ఉండదు. కంటెంట్ డిజైనర్, యూఎక్స్ రైటర్, డాక్యుమెంటేషన్ ఇంజినీర్, నాలెడ్జ్ మేనేజర్, లోకలైజేషన్ స్పెషలిస్ట్... ఇలా వెతకాలి. బటన్ మీద మాటలు రాసేవారు యూఎక్స్ రైటర్. ప్రోగ్రామర్ల కోసం ఏపీఐ వివరాలు రాసేవారికి కోడ్ చదవడం రావాలి, రాయడం అంతగా రాకపోయినా ఫర్వాలేదు. బీటెక్ చదివి, కోడింగ్‌లో మధ్యస్థంగా ఉండి, స్నేహితులకు సబ్జెక్టు బాగా చెప్పగలిగే వాళ్లు ప్రతి క్లాసులో ఇద్దరు ముగ్గురుంటారు. పరీక్షల ముందు రాత్రి హాస్టల్లో అందరూ వాళ్ల రూమ్‌కే పోతారు. ఈ ఉద్యోగం వాళ్లదే.

‘ఏఐ వచ్చాక రాసే ఉద్యోగాలుంటాయా?’ అన్నది తర్వాతి ప్రశ్న. భయం పూర్తిగా అబద్ధం కాదు. అమెరికాలో 1953లో పుట్టిన సొసైటీ ఫర్ టెక్నికల్ కమ్యూనికేషన్ 2025 జనవరిలో ఆర్థిక ఇబ్బందులతో మూతపడింది. ఆ వృత్తికి పెద్దదిక్కులాంటి సంఘం అది. ఇంజినీరు చెప్పినదాన్ని శుభ్రమైన ఇంగ్లిష్‌లోకి మార్చడం ఒక్కటే పనిగా పెట్టుకున్నవాళ్లకు గడ్డుకాలమే. ఆ పని చాట్‌బాట్ క్షణంలో చేసేస్తుంది. కానీ అదే చాట్‌బాట్‌ని ‘ధవళేశ్వరంలో 11.75 దాటితే మా ఊరి దారి మునుగుతుందా?’ అని అడిగి చూడండి. ఆ ఊరి గురించి ఎవరూ ఎక్కడా రాసి పెట్టకపోతే దానికి తెలిసే మార్గం లేదు, తెలియకపోయినా ధీమాగా ఏదో ఒకటి చెప్పే ప్రమాదం ఉంది. కంపెనీల సపోర్ట్ బాట్లూ అంతే. వాటి జవాబులు వచ్చేది కంపెనీ హెల్ప్ పేజీల్లోంచే. పేజీ పాతదైతే బాట్ పాత అబద్ధాన్నే చక్కటి భాషలో చెబుతుంది. పేజీని నిజంగా ఉంచే మనిషి అవసరం తగ్గలేదు. అడిగి తెలుసుకోవడం, సరిచూడటం రానివాళ్ల అవసరమే తగ్గింది.

ఇక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు

ఈ రంగంలో రెజ్యూమెలో సర్టిఫికెట్ల కంటే రాసిన పేజీల లింకులు ఎక్కువ పని చేస్తాయి. నేర్చుకోవడానికి గూగుల్ వారి టెక్నికల్ రైటింగ్ కోర్సులు ఉచితంగా ఉన్నాయి, రెండు వారాల్లో చదివేయొచ్చు. 2013లో మొదలైన ‘రైట్ ద డాక్స్’ బృందం వాళ్ల ఉపన్యాసాల వీడియోలూ దొరుకుతాయి. అసలు సాధనకు మాత్రం నేను తెలుగు వికీపీడియానే చెబుతాను.

2003 డిసెంబరులో మొదలై, లక్ష వ్యాసాలు దాటిన చోటు అది. అక్కడి మాటలే ముచ్చటగా ఉంటాయి. అందరూ కూర్చుని విధానాలు మాట్లాడుకునే పేజీ పేరు రచ్చబండ. చిన్న వ్యాసాన్ని మొలక అంటారు. కొత్తవాళ్లు ముందుగా రాసి చూసుకునేది ప్రయోగశాల. ఇందాక చెప్పిన స్పెల్లింగ్ చిక్కుకు అక్కడ విరుగుడు దారిమార్పు. ‘దవులేశ్వరం’ అని కొట్టినా ‘ధవళేశ్వరం’ పేజీకి తీసుకెళ్లే ఏర్పాటన్నమాట. ప్రతి పేజీకి వెనుక చరిత్ర, పక్కన చర్చ ఉంటాయి. ధవళేశ్వరం వ్యాసం చరిత్ర తెరిచి, ఎవరు ఏ వాక్యం ఎందుకు మార్చారో ఒక అరగంట చదవండి. రివ్యూ అంటే ఏమిటో ఏ క్లాసులోనూ ఇంత బాగా చెప్పరు. మీరు రాసిన దానికి మూలం లేకపోతే ఎవరో తీసేస్తారు. మొదటిసారి కోపం వస్తుంది. మూడోసారికి ముందే మూలం వెతుక్కుని రాస్తారు.

వికీలో మెనూల తెలుగు కావాలంటే ట్రాన్స్‌లేట్‌వికీ, ఫైర్‌ఫాక్స్ తెలుగు కావాలంటే మొజిల్లా వారి పొంటూన్ ఉన్నాయి. రెండూ ఆన్‌లైన్‌లో కలిసి అనువదించే చోట్లే. పది వాక్యాలు చేసి చూస్తే, ‘సేవ్’కు ‘భద్రపరచు’ అనాలా, ‘సేవ్ చేయి’ అనాలా అన్నది ఎంత పెద్ద గొడవో తెలుస్తుంది. నా ఓటు రెండోదానికే, కానీ గొడవ పడేవాళ్ల దగ్గరా న్యాయం ఉంది. ఊరి దారులు, రేవులు, కాజ్‌వేలు, స్కూలు భవనాలు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో గుర్తుపెట్టడం ఇంకో మంచి పని. లంక ఊళ్లలో ఆ పని చేయగలిగేది అక్కడ నడిచినవాళ్లే.

సెలవుల్లో చేయగలిగే ఒక చిన్న ప్రాజెక్టు కూడా చెబుతాను. నలుగురు కలిసి ఒకే షేర్డ్ డాక్యుమెంట్ తెరవండి. ‘11.75 అంటే మన ఊరికి ఏమిటి?’ అని ఒక్క పేజీ రాయడమే పని. ఒకరు బ్యారేజీ దగ్గర ఇరిగేషన్ వాళ్లను అడగాలి. ఒకరు 1986, 2022 వరదలు రెండూ చూసిన పెద్దవాళ్లతో మాట్లాడాలి, ఏ దారి ముందు మునిగిందో వాళ్లకు బాగా తెలుసు. ఒకరు లెక్కలు చూడాలి. ఉదాహరణకు క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, సుమారు 28.3 లీటర్లు. మొదటి హెచ్చరిక నాటి 10 లక్షల క్యూసెక్కులంటే సెకనుకు 2 కోట్ల 83 లక్షల లీటర్లు. పది వేల లీటర్ల ట్యాంకర్లు సెకనుకు 2,800 దాటి వెళ్తున్నట్టు. ‘10 లక్షల క్యూసెక్కులు’ కంటే ఈ వాక్యం ఎవరికైనా ఇట్టే ఎక్కుతుంది. నాలుగోవారు అందరి కామెంట్లు చూసి పేజీని ఒక కొలిక్కి తేవాలి, దాని యజమాని వాళ్లే.

ఒక జాగ్రత్త. ఇది అవగాహన కోసం రాసే పేజీయే తప్ప హెచ్చరిక కాదు. ఈ రోజు నీటిమట్టం ఎంత, ఖాళీ చేయాలా వద్దా అన్నవి అధికారులే చెప్పాలి. ఆ మాట మీ పేజీ మొదటి లైనులోనే ఉండాలి, అధికారిక సమాచారం ఎక్కడ దొరుకుతుందో లింకుతో సహా. రాయడం అయ్యాక దాన్ని ఇంట్లో నాయనమ్మకో, పక్కింటి మామ్మగారికో చదివి వినిపించండి. ఆవిడ ఎక్కడ ‘అంటే?’ అన్నారో అక్కడ ఒక కామెంట్ పెట్టుకోండి. ఆ కామెంట్లు, వాటికి మీరు చేసిన దిద్దుబాట్లు చెరపొద్దు, వెర్షన్ హిస్టరీతో సహా అలాగే ఉంచండి. ఇంటర్వ్యూలో ‘మీరు రాసిందేదైనా చూపించండి’ అన్నప్పుడు పూర్తయిన పేజీతో పాటు ఆ చరిత్ర కూడా తెరిచి చూపించొచ్చు.